జస్టిస్ కోకా సుబ్బారావు

మనిషిని చంపాడని తేలితే చాలు, అది హత్య అవుతుందా? ఈ ప్రశ్నను విచారించిన ఒక న్యాయమూర్తి జీవితాన్ని ఈ పాఠంలో మీరు చదువుతారు.

కోకా సుబ్బారావు 1902లో రాజమండ్రిలో జన్మించారు. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1958లో ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే, చట్టం దాన్ని హత్య కన్నా తక్కువ నేరంగా చూస్తుంది. కాని నానావతి విషయం తెలిశాక భార్యాపిల్లలను సినిమాహాలు దగ్గర దించాడు. ఓడకు వెళ్లి రివాల్వర్ తెచ్చుకున్నాడు. ఇంతలో సుమారు 3 గంటలు గడిచాయి. ఆవేశం చల్లారడానికి ఆ వ్యవధి చాలునని సుబ్బారావు 1961లో తీర్పు రాశారు. యావజ్జీవ శిక్ష ఖాయమైంది.

మతి స్థిమితం లేక చంపానన్న ముద్దాయి కేసులో 1964లో ఆయన మరో సూత్రం వివరించారు. ఆ స్థితిని చూపవలసింది ముద్దాయే. అయినా నేర ఉద్దేశాన్ని రుజువు చేసే భారం ఎప్పుడూ ప్రాసిక్యూషన్‌దే. అందులో సహేతుకమైన సందేహం మిగిలితే ముద్దాయిని విడిచిపెట్టాలి. ఆ కేసులో అలాంటి సందేహం మిగలలేదు, శిక్ష నిలిచింది.

సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1976లో మరణించారు. 2024లో భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఈ రెండు సూత్రాలు మాత్రం మారలేదు.

ఆలోచించండి: ఒకడు దోషి అని ఊరంతా నమ్మినా, కోర్టుకు అది ఎందుకు చాలదు?