స్టోయిక్ శబ్దము – జీనో జీవితము

సుఖదుఃఖములకు చలింపక, మనోభావములను పైకి కానరానీయని వానిని ఆంగ్లమున స్టోయిక్ అందురు. ఈ శబ్దమున చిత్తవృత్తిని తెలుపు ధాతువేదియు లేదు. ఏథెన్సునందలి ఒక మండపమునుండి ఇది పుట్టినది. అచట బోధించిన జీనో జీవితమును పరిశీలించిన, నేటి రూఢ్యర్థము ఎంత సంకుచితమో తెలియును.

జీనో క్రీ.పూ. 334 ప్రాంతమున సైప్రస్ ద్వీపమునందలి కిటియోన్ నగరమున, అనగా నేటి లార్నకాలో, జన్మించెను. తండ్రి మ్నసియాస్ వర్తకుడు. జీనో ఫినీషియానుండి ఊదారంగు సరకుతో వచ్చుచుండగా పిరయూస్ రేవు సమీపమున ఓడ మునిగినదని డయోజెనీస్ లయర్షియస్ వ్రాసెను. పిమ్మట ఏథెన్సులో ఒక పుస్తకముల అంగడియందు సోక్రటీసును గూర్చి క్సెనొఫోన్ రచించిన గ్రంథమును విని, అట్టివారెచట లభింతురని అడిగెనట. అంగడివాడు ఆ దారిన పోవుచున్న క్రేటీసును చూపెను. క్రేటీసు సర్వమును త్యజించిన సినిక్ సంప్రదాయమువాడు.

శిష్యుడైన జీనోకు బిడియము మెండు. దానిని పోగొట్టుటకై గురువు మసూరపప్పు వండిన కుండను వీధివెంట మోయుమనెను. జీనో దానిని చాటుచేయబోగా గురువు కఱ్ఱతో పగులగొట్టెను. పప్పు కాళ్ళమీదుగా కారుచుండ శిష్యుడు సిగ్గుతో పరుగెత్తెను. ఈ కథ యథార్థమైనను కాకున్నను, జీనోను పుట్టుకతోనే భావరహితునిగా పూర్వులు తలపలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

స్టిల్పో, పోలెమో అను వారికడ కూడ అభ్యసించి, క్రీ.పూ. 300 ప్రాంతమున జీనో స్టోవా పోయికిలే యందు బోధన నారంభించెను. స్టోవా యనగా స్తంభపంక్తి గల మండపము; పోయికిలే యనగా చిత్రవర్ణము. పోలిగ్నోటస్ మొదలగువారి చిత్రములచే దానికా పేరు కలిగెను. శిష్యులు తొలుత జీనో పేరిటనే పిలువబడిరి. పిదప మండపనామముపై తద్ధితరూపమైన స్టోయికోస్ స్థిరపడెను.

ఈ సంప్రదాయమున ఆదర్శము అపాథియా. ఇందలి అకారము సంస్కృత నఞర్థక అకారమునకు సజాతీయము. అయితే ఇచట నిషిద్ధమైనది సకల భావము కాదు. వివేకమును మీరిన భయ, శోక, కామ, భోగోద్రేకములు మాత్రమే. హర్షము, జాగరూకత, సదిచ్ఛ అను మూడింటిని సద్భావములుగా జ్ఞానికి అంగీకరించిరి.

మాసిడోనియా రాజు అంటిగోనస్ గొనాటస్ ఆహ్వానింపగా జీనో తాను వెళ్ళక శిష్యుడైన పెర్సయూసును పంపెను. క్రీ.పూ. 262 ప్రాంతమున మరణించెను. ఏథెన్సు పౌరులు ఆ విదేశీయునికి స్వర్ణకిరీటమును, కెరమైకోసున సమాధిని ప్రకటించి గౌరవించిరి. ఆయన గ్రంథములలో ఒక్కటియు సమగ్రముగా మిగులలేదు.

గ్రంథములు నశించిన పిదప శబ్దము లోకవ్యవహారమున స్వేచ్ఛగా సంచరించెను. మన ఉదాసీన శబ్దము గతియు ఇట్టిదే. ఎడముగా కూర్చున్నవాడు, పక్షపాతము లేనివాడు అను అర్థములు గల ఆ పదము నేటి తెలుగున తఱచుగా అశ్రద్ధను సూచించుచున్నది. కావున దర్శనగ్రంథములను అనువదించువారు స్టోయిక్ శబ్దమునకు భావశూన్యుడని వ్రాసినచో, పప్పుకుండతో సిగ్గుపడిన ఆ మనిషి సాధించిన నిగ్రహము పాఠకునికి అందదు.