గడ్డతీగ విత్తనం పేరున్న అవ్వ

ఆస్ట్రేలియా నడిమధ్యలో, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి ఈశాన్యాన 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో యుటోపియా అనే ఆదివాసీ ప్రాంతం ఉంది. 1910 ప్రాంతంలో అక్కడి అల్హల్కెరలో, అన్మజెర్ తెగలో పుట్టింది ఎమిలీ కామే ఉంగ్వారే. కామే అంటే అక్కడి ఆడవాళ్లు తవ్వి తెచ్చుకునే గడ్డతీగ విత్తనం. నల్లమలలో గడ్డలు తవ్విన చెంచు అవ్వల మనవరాళ్లకు ఆ పేరు విలువ మేము వేరే చెప్పాలా!

ఎమిలీ అవ్వ బొమ్మలు గీయడం బడిలో నేర్వలేదు. అవెల్య అనే ఆడవాళ్ల క్రతువులో పాటలు పాడుతూ రొమ్ముల మీద, భుజాల మీద రంగుమట్టితో గీతలు గీసుకుంటారు. ఏ గీత ఏ నేలదో, ఏ వంశానిదో పెద్దామెలు చిన్నవాళ్లకు నేర్పుతారు. ఆమె చదువు అదే.

ఆమెకు సొంత బిడ్డలు లేరు. బంధువు మిన్నీ ప్వెర్ల్ కూతురు బార్బరా వేర్‌ను పెంచింది. బార్బరా తండ్రి తెల్లవాడు. అలాంటి పిల్లలను ప్రభుత్వమే తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయే రోజులవి. అధికారులు వస్తే పిల్లను దాచేవారు. అయినా తొమ్మిదేళ్లప్పుడు నీళ్లకు వెళ్లిన బార్బరాను పట్టుకుపోయారు. 1960ల చివర ఆమె తిరిగి వచ్చేసరికి తల్లి భాష మరిచిపోయింది. మళ్లీ నేర్చుకుంది.

1977లో యుటోపియా ఆడవాళ్లు గుడ్డ మీద మైనంతో బాతిక్ అద్దకం నేర్చుకున్నారు. ఆ తర్వాత భూమి హక్కు విచారణలో, ఆ నేలతో తమ బంధం ఏమిటో పాటతో, ఆటతో, గీతలతో చూపించారు. నేల దక్కింది.

ఎమిలీ అవ్వ కాన్వాస్ ముందు కూర్చునేసరికి వయసు ఎనభైకి దగ్గరపడింది. అక్కడి నుంచి ఎనిమిదేళ్లలో దాదాపు 3,000 చిత్రాలు వేసింది. 1995లో వేసిన గడ్డతీగ చిత్రం వెడల్పు ఎనిమిది మీటర్లు. నల్లటి కాన్వాస్ మీద కూర్చుని, నేల కింద వేర్లు అల్లుకున్నట్టు తెల్లగీతలు లాగింది. వచ్చిన డబ్బు బంధువులందరికీ పంచింది. ఆమె పోయాక, 2007లో ఒక్క చిత్రమే వేలంలో 10 లక్షల డాలర్లు దాటింది. మాకు మాత్రం ఆ ధరకన్నా ఆ వేర్లే పెద్దవి.

1996 సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది. బార్బరా అప్పటికే చిత్రకారిణి. కొన్నేళ్లకు ముసలితనంలో మిన్నీ కూడా కుంచె పట్టింది. మొదట వేసినవి తన అవెల్య గీతలే.