తమ్ముని ప్రక్కన కూర్చుండి చదువరియైన విదుషి
శ్రీమతి బండారు అచ్చమాంబగారు

మన కోడూరు గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున సంచికకు ఏదేని వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. దినమంతయు లెక్కల పుస్తకములతో గడుపువాడను. గురుముఖమున నేర్చిన పాండిత్యము నాకు లేదు. సాయంకాలము దీపము పెట్టిన పిదప భాగవతమో భారతమో ముందుంచుకొని, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తెలియని పదమును వెదకికొనుచు చదువుటయే నా యభ్యాసము. ఆ సుఖ మెరిగినవాడను గనుక, చదువులోని యానందమును స్వయముగా సంపాదించి నలుగురికిని పంచిపెట్టిన యొక పుణ్యవతి చరిత్రను మీకు విన్నవించుచున్నాను.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున నాటి కృష్ణామండలమందలి నందిగామలో జన్మించిరి. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. ఆమెకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పదియేండ్లకే మేనమామయగు బండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. బడికి పోవు భాగ్యము ఆమెకు లేకపోయెను. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. తెలుగు మాట వినబడని నాగపురప్రాంతమున ఆ చిన్నది కాపురమున కడుగుపెట్టెను.

ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడు లక్ష్మణరావుగారు అక్క యింటనుండి విద్యాభ్యాసము చేసిరి. తమ్ముడు చదువుచుండగా అక్కయు ప్రక్కన కూర్చుండి చదివెను. ఇదియే ఆమె పాఠశాల. పరీక్ష లేదు, పట్టము లేదు, ఉద్యోగమాశ లేదు, స్త్రీకి చదువేలయని యడుగు లోకమే చుట్టును ఉండెను. అట్టిచోట పుస్తకమును తెరచువారు చదువునందలి ప్రీతిచేతనే తెరతురు గాని మరియొక ఫలముకొరకు కాదు. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ, గుజరాతీ, వంగభాష, ఇంగ్లీషు, కొంత సంస్కృతముకూడ ఆమె అభ్యసించిరి.

కడుపున పుట్టిన బిడ్డ లిద్దరును పసితనముననే పోయిరి. ఆ దుఃఖమునకు మందు లేదు. అయినను ఆమె మూల కూర్చుండలేదు. దిక్కులేని పిల్లలను చేరదీసి తన యింట పెట్టుకొని చదువు చెప్పించిరి. పుస్తకము తెరచినకొలది హృదయముకూడ తెరచుకొనునని ఆమె జీవితము చూచినవారికి తోచకమానదు.

పలుభాషలలో చదివిన చరిత్రలనుండి విద్యావతులును, శూరవనితలును, రాజ్యపాలన చేసినవారును అగు భారతస్త్రీల జీవితములను సేకరించి, అబలా సచ్చరిత్ర రత్నమాలయను గ్రంథము రచించిరి. స్త్రీలు చదువున కర్హులు కారనువారికి వాదముతో గాక చరిత్రతో బదులు చెప్పిరి. 1902లో హిందూసుందరి పత్రికయందు ప్రకటితమైన వారి ధనత్రయోదశి కథ, తెలుగున వెలువడిన తొలి కథానికలలో నొకటిగా నేడు గణింపబడుచున్నది. గురజాడవారి దిద్దుబాటు వెలువడినది 1910లోనని జ్ఞప్తికి తెచ్చుకొనిన దీని ప్రాచీనత బోధపడును.

మన దివిసీమవారికి ముఖ్యమైన మాట మరియొకటి గలదు. ఆ 1902లోనే ఆమె ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మన బందరునందు బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. తాను తమ్ముని ప్రక్కన కూర్చుండి పొందిన దానిని తోడి యాడువా రందరును పొందవలెనని ఆమె యాశ. ఆంధ్రదేశమున పలుతావులు తిరిగి అట్టి సమాజములకు దోహదము చేసిరి. 1905 జనవరి 18వ తేదిన, ముప్పదియొకటవ యేటనే, పరమపదించిరి.

తమ్ముడు లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయ స్థాపకులలో నొకరై, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను నెలకొల్పి, ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, 1923లో గతించిరి. వారి పేరు చదువరులందరు నెరుగుదురు. ఆ విద్యకు నీడనిచ్చిన యింటి యిల్లాలిని తలచువారు తక్కువ.

ఈ చరిత్ర చదివినప్పుడెల్ల నాకొక సిగ్గు కలుగును. చిన్ననాడు నేను వసారాలో భాగవతము చదువుచుండగా మా అక్కయ్య స్తంభమునకు చేరబడి బియ్యమేరుకొనుచు వినెడిది. అప్పుడప్పుడు చేట క్రిందపెట్టి, ఈ యక్షరమేదిరాయని వ్రేలుపెట్టి చూపెడిది. తరువాత చెప్పెదనంటిని. ఆ తరువాత యనునది రాకయే ఆమె వెళ్లిపోయినది. అచ్చమాంబగారి తమ్మునివలె ప్రక్కన చోటిచ్చుటకు నాకు ఖర్చేమి? ఏమియు లేదు. అయినను ఇయ్యలేదు.

మన గ్రంథాలయపు ఇచ్చుపుస్తకముల రిజిస్టరును నేను చూచుచుందును. పేర్లన్నియు పురుషులవే యెక్కువ. కాని తిరిగివచ్చిన నవలల పుటలపై పసుపు వ్రేళ్ల గుర్తు లుండును. ఒకచోట పోపుగింజ గూడ కనబడినది. చదివిన దెవరో వేరుగ చెప్పనక్కర లేదు. ఆ చదువరులను వారి స్వంతపేరుతోనే చందాదారులుగా వ్రాయించుడని యింటి పెద్దలను వేడుచున్నాను. చదువురాని తల్లియో, అక్కయో, కోడలో ఉన్నచో, చదువుకొను పిల్లవాడు ప్రక్కన చోటిచ్చి కూర్చుండబెట్టుకొనునుగాక.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ రిజిస్టరులో పసుపు వ్రేళ్లకు సరియైన పేర్లుకూడ చేరుగాక యని శ్రీహరిని ప్రార్థించి విరమించుచున్నాను.