యంత్రశిల్పి జి.డి. నాయుడు

గొల్లపల్లి పొలాలలో బావినీటిని పైకి తోడేది, సిరిసిల్లలో మరమగ్గాన్ని ఆడించేది, వంటగదిలో పిండి రుబ్బేది విద్యుత్ మోటారే. రాగి తీగచుట్టలలో ప్రవహించే విద్యుత్తు అయస్కాంతశక్తిని పుట్టించి ఇరుసును తిప్పుతుంది. ఇంత సులభమైన సూత్రంపై ఆధారపడిన యంత్రాన్ని కూడా ఒకప్పుడు మన దేశం విదేశాలనుండి దిగుమతి చేసుకోవలసి వచ్చేది. దానిని స్వదేశంలోనే నిర్మించి చూపిన తొలి తరం వారిలో అగ్రగణ్యులు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడుగా ప్రసిద్ధులైన ఆయన తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువారు.

విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను అనేక తెలుగు కర్షక కుటుంబాలు దక్షిణాదికి వలసవెళ్ళి కొంగునాటి నల్లరేగడి భూములలో స్థిరపడ్డాయి. తరాలు గడిచినా ఇంటిలో తెలుగు మాట్లాడడం మానని అటువంటి కుటుంబంలో, కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో, 1893 మార్చి 23వ తేదీన నాయుడు జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి చదువు ఆయనకు రుచించలేదు. ప్రాథమిక తరగతులతోనే దానికి స్వస్తి చెప్పారు. అక్షరాలు వచ్చిన తరువాత పుస్తకాలు మాత్రం విడిచిపెట్టలేదు.

ఒకనాడు ఒక ఆంగ్లేయ ఉద్యోగి రడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దులు గాని, గుర్రం గాని లేకుండా కదిలే ఆ వాహనం నాయుడి మనస్సును ఆకర్షించింది. దానిని కొనాలన్న పట్టుదలతో ఆయన కోయంబత్తూరు చేరి ఒక హోటలులో పనికి కుదిరారు. కూడబెట్టిన జీతంతో చివరకు అదే బండిని కొన్నారు. కొన్నవారు సాధారణంగా దానిపై ఊరేగుతారు. నాయుడు దానిని మరకు మర విప్పి, తిరిగి బిగించి, దాని మర్మమంతా గ్రహించారు. ఆయనకు ఇంజనీరింగ్ కళాశాల అదే.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన తిరుప్పూరులో ప్రత్తి వ్యాపారం చేసి ధనం గడించారు. ఆ ఉత్సాహంతో బొంబాయి వెళ్ళి, అక్కడి ప్రత్తి విపణిలో గడించినది పోగొట్టుకున్నారు. ఆ దశలో కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయనకు అండగా నిలిచారు. ఆ ప్రోత్సాహంతో 1920లో నాయుడు ఒక బస్సును కొని, పొల్లాచ్చి-పళని మార్గంలో తామే చోదకులై నడిపారు. ఆ ఒక్క బస్సు క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా విస్తరించి, దక్షిణ భారతదేశంలోని పేరెన్నికగన్న రవాణా సంస్థలలో ఒకటయింది. నాయుడి జీవితంలో జమాఖర్చుల పుస్తకం ఏటేటా లాభం చూపిన అధ్యాయం ఇదే. ఆయన చేసిన ప్రయోగాలకు పెట్టుబడి సమకూరింది కూడా ప్రధానంగా ఈ రంగం నుండే.

ఇంతలో కోయంబత్తూరు ప్రాంతంలో ఒక గొప్ప మార్పు వచ్చింది. నీలగిరులలోని పైకారా నదిపై నిర్మించిన జలవిద్యుత్ కేంద్రం 1930ల ఆరంభంలో పనిచేయనారంభించి, ఆ పట్టణానికి చౌకగా విద్యుత్తును అందించింది. నూలు మిల్లులు వెలిశాయి. రైతులు బావులకు విద్యుత్ పంపులు కోరసాగారు. విద్యుత్తు వచ్చింది గాని, దానితో నడిచే మోటారు మాత్రం పరాయి దేశాలదే. ఈ లోటును గుర్తించిన నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో కృషి చేశారు. 1937లో వారి కర్మాగారం నుండి మోటారు వెలువడింది. దేశీయంగా తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొంటారు. బాలసుందరం నాయుడు అనంతరకాలంలో టెక్స్‌టూల్ సంస్థను స్థాపించి వస్త్రయంత్రాల తయారీలో ప్రసిద్ధి పొందారు.

1930లలో నాయుడు ఐరోపా దేశాలలో పర్యటించారు. ఛాయాగ్రహణం ఆయనకు ప్రాణసమానం. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశారు. అయితే ఆయన దృష్టి కేవలం వింతలమీద లేదు. అక్కడి కర్మాగారాలను, ముఖ్యంగా సామాన్య గృహస్థు కోసం పాశ్చాత్యులు తయారుచేస్తున్న చిన్న చిన్న యంత్రాలను నిశితంగా పరిశీలించారు. ఆ కృషి ఫలితంగా రూపొందినదే రాసెంట్ అనే విద్యుత్ క్షౌరయంత్రం. పొడి బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు అందులో ఉంటుంది. అతి పలుచని క్షౌరపు బ్లేడులు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, కెమెరాకు దూరాన్ని సరిచూసే పరికరం, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం ఆయన మేధస్సు నుండి ఉద్భవించినవే. పంకాకు కిరోసిన్ ఎందుకని నేటి విద్యార్థికి నవ్వు రావచ్చు. ఆనాడు పల్లెలలో విద్యుద్దీపమే అరుదు. దీపానికి పోసే చమురుతోనే గాలి కూడా వీచేటట్లు చేయడం ఆ కాలానికి తగిన ఆలోచనే.

ధర విషయంలో నాయుడి పట్టుదల అసాధారణమైనది. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ఆయన ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చొనగల పెట్రోలు కారును నిర్మించి, దాని ధర 2,000 రూపాయలుగా నిర్ణయించారు. అప్పటికి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. 1951లో చేసిన ఆ చట్టం ప్రకారం ముఖ్య పరిశ్రమలలో ఏ వస్తువును ఎంత తయారుచేయాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. నాయుడి కారుకు ఆ అనుమతి లభించలేదు. తయారీ నిలిచిపోయింది. పన్నుల విధానంతో కూడా ఆయనకు తీవ్రమైన విభేదాలుండేవి.

ఇక్కడ ఒక విషయం ఆలోచింపదగినది. అమెరికాలో జాకబ్ షిక్ రూపొందించిన విద్యుత్ క్షౌరయంత్రం 1931లో అంగడికి వచ్చింది. హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థ 1939లో తన యంత్రాన్ని విడుదల చేసింది. ఫిలిప్స్ వారు ఆ ఒక్క వస్తువునే దశాబ్దాల తరబడి మెరుగుపరుస్తూ, ఎన్నో దేశాలలో విక్రయిస్తూ, ఏ ఏటి లెక్కలు ఆ ఏడు చూసుకుంటూ దానిని పెద్ద వ్యాపారంగా పెంచారు. దాదాపు అదే కాలానికి చెందిన రాసెంట్ అటువంటి వ్యాపారంగా వికసించలేదు. దోషమంతా అనుమతుల విధానానిదే అనడం సమంజసం కాదు. నాయుడి మనస్తత్వం కూడా ఇందుకు కొంత కారణం. ఒక యంత్రం రూపుదిద్దుకోగానే ఆయన చూపు మరొకదానిపైకి మళ్ళేది. బస్సుల విషయంలో కనబరచిన వ్యాపార నిష్ఠను ఆయన ఏ గృహోపకరణం విషయంలోను అంత దీర్ఘకాలం చూపలేదు. మోటారు మాత్రం ఇందుకు భిన్నం. దానిని అందిపుచ్చుకొనేందుకు ఊరిలో ఇతరులు సిద్ధంగా ఉన్నారు. నేర్చిన పనివారు ఒక కర్మాగారం నుండి మరొకటి నెలకొల్పారు.

1944లో నాయుడు మోటారు వాహన వ్యాపార బాధ్యతలనుండి విరమించుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనాలు, కార్మికులకు, అణగారిన వర్గాలకు సహాయ పథకాలు ప్రకటించారు. 1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమయింది. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. నాయుడే తొలి ప్రధానాచార్యులు. ఇంజనీరింగ్ చదువుకు నాలుగు సంవత్సరాలు అనవసరమని, శ్రద్ధగా పనిలో దింపితే అంతకంటే చాలా తక్కువ కాలంలో నేర్పవచ్చునని ఆయన దృఢ విశ్వాసం. ప్రభుత్వం అందుకు సమ్మతించకపోవడంతో ఆయన పదవి వదులుకున్నారు. ఆ సంస్థ నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. బడిలో నిలువలేని బాలుడు కళాశాలకు అధిపతి కావడం, అక్కడ కూడా పాఠ్యప్రణాళికతో పొసగకపోవడం విచిత్రమే.

వ్యవసాయంలోను ఆయన ప్రయోగాలు చేసి, మనిషిని మించిన ఎత్తుకు ఎదిగే ప్రత్తి మొక్కలను పెంచారు. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్తలు ఆయన ప్రతిభను కొనియాడారు. ప్రజలు ఆయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుచుకున్నారు.

1974 జనవరి 4వ తేదీన నాయుడు పరమపదించారు. అప్పటికే కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశమంతటా పేరుపొందింది. ఇడ్లీ పిండి రుబ్బే విద్యుత్ గ్రైండరు 1955లో ఆ పట్టణంలోనే పి. సభాపతి చేతులమీదుగా పుట్టింది. కోయంబత్తూరు గ్రైండరుకు తరువాతి కాలంలో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నాయుడి ఆవిష్కరణలు అవినాశి రోడ్డుపై గల ప్రదర్శనశాలలో ఉన్నాయి. అదే రోడ్డుపై నిర్మించిన 10 కిలోమీటర్ల పొడవైన వంతెనకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టారు.