స్ఫటిక విజ్ఞాని ఆచార్య సూరి భగవంతం

మన కమాన్‌పూర్ పరిసరాలలోని సింగరేణి గనుల నుండి వెలువడే బొగ్గులో ప్రధానాంశం కర్బనం. వజ్రం కూడ కర్బనమే. ఒకటి చేతికి మసి అంటిస్తుంది, మరొకటి గాజును కోస్తుంది. పరమాణువుల అమరికలోని భేదమే ఈ అంతరానికి ముఖ్యకారణం. ఘనపదార్థాల అమరికకు, గుణాలకు గల సంబంధాన్ని అన్వేషించిన తెలుగు శాస్త్రజ్ఞులలో ఆచార్య సూరి భగవంతం అగ్రగణ్యులు. వారి విద్యాజీవితాన్ని మన విద్యార్థుల కొరకు సంగ్రహంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధకులుగా చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి, కాంతికణమైన ఫొటాన్‌కు స్వీయభ్రమణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపారు. అప్పటికి శిష్యుని వయస్సు ఇరవై రెండేళ్ళు దాటలేదు.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైనారు. అప్పటి ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. విశ్వవిద్యాలయం స్థాపితమై ఆరేళ్ళే అయింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అది కొంతకాలం గుంటూరుకు తరలవలసి వచ్చింది. అట్టి పరిస్థితులలో సాగిన కృషియే ఆయనకు శాశ్వతకీర్తిని తెచ్చింది.

స్ఫటికాన్ని ఒత్తినపుడు దానిలో కాంతి ప్రసరించే తీరు మారుతుంది. ఘనాకృతి వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నింటిలోను ఈ మార్పును వర్ణించడానికి మూడు స్థిరాంకాలు చాలునని జర్మన్ శాస్త్రజ్ఞుడు పాకెల్స్ కాలం నుండి అందరూ అంగీకరించారు. భగవంతం గారు గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని ప్రయోగించి, ఆ వ్యవస్థలోని ఐదు తరగతులలో రెండింటికి నాలుగు స్థిరాంకాలు అవసరమని 1942లో నిరూపించారు. అనంతరం బేరియం నైట్రేట్ స్ఫటికాలపై జరిపిన ప్రయోగాలు ఆ నిర్ణయాన్ని బలపరిచాయి. అర్ధశతాబ్దం నిలిచిన అభిప్రాయాన్ని సవరించినది ఖరీదైన యంత్రం కాదు, సౌష్ఠవాన్ని గురించిన నిశితమైన ఆలోచన. గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి ఈ సిద్ధాంతంపై ఆయన రచించిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

1946లో జె. భీమసేనాచార్‌తో కలిసి వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను ప్రకటించారు. చిన్న వజ్రాల గుండా అతిధ్వనులను పంపి, వాటి వేగం నుండి ఆ విలువలను గణించారు. 1957లో విదేశాలలో జరిగిన మరింత సూక్ష్మమైన కొలతలు ఆ సంఖ్యలను సవరించాయి. విజ్ఞానమార్గంలో ఇది సహజం. తొలి బాట వేసిన గౌరవం మాత్రం వాల్తేరుకే దక్కింది.

1949లో భగవంతం గారు ఉస్మానియాలో ఆచార్యులైనారు. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఆరంభమైన ఆ విద్యాపీఠం అప్పుడే ఆంగ్లానికి మారుతున్నది. 1952 నుండి 1957 వరకు దానికి ఉపాధ్యక్షులుగాను, పిదప 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగాను, 1961 నుండి 1969 వరకు రక్షణశాఖకు వైజ్ఞానిక సలహాదారుగాను సేవలందించారు. పదవీభారం మోస్తూనే 1966లో స్ఫటిక సౌష్ఠవాన్ని, భౌతికధర్మాలను గురించి మరొక ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించారు. 1989లో పరమపదించారు.

మారుమూల ప్రాంతంలో, పరిమితమైన ప్రయోగశాలతో ఏమి సాధించగలమని మన విద్యార్థులు కొందరు నిరుత్సాహపడుతుంటారు. గణితం వేరు, విజ్ఞానశాస్త్రం వేరు అని భావించేవారూ ఉన్నారు. ఈ రెండు భ్రమలకు భగవంతం గారి జీవితమే సమాధానం. నాలుగు స్థిరాంకాలు అవసరమైన తరగతికే చెందినది, మన కిరాణా దుకాణాలలో దొరికే పటిక. దానిని వేడినీటిలో కరిగించి, కదలకుండ చల్లారనిస్తే చక్కని స్ఫటికాలు ఏర్పడుతాయి. కళాశాల కమిటీవారు ఇట్టి చిన్న ప్రయోగాలకు ప్రోత్సాహమివ్వాలని, విద్యార్థులు ఆ స్ఫటికాల ముఖాలను, కోణాలను స్వయంగా పరిశీలించి కారణాన్ని ప్రశ్నించాలని మేము కోరుతున్నాము. ఆచార్యులవారికి మనం అర్పించదగిన నివాళి అదే.