హాన్స్ విల్స్‌డార్ఫ్ - చేతిగడియారమునకు గౌరవము గూర్చిన వర్తకుడు

నూటయిరువది యేండ్ల క్రిందట ఐరోపా ఖండమున మగవాడు చేతికి గడియారము కట్టుకొనుట నవ్వులపాలగు పని. గడియారమనగా కోటు జేబులో గొలుసునకు వ్రేలాడవలసినది. మణికట్టునకు కట్టు చిన్న గడియారము స్త్రీల యాభరణములలో నొకటిగా నెంచబడెడిది. అంత చిన్న యంత్రము సరియైన కాలమును చూపజాలదని ఆ వృత్తిలోని పెద్దలే తీర్మానించియుండిరి. చేయి ఊగును, దుమ్ము పడును, చెమట తగులును, నీరు చొచ్చును. అట్టి చోట నే యంత్రము నిలుచును? ఈ తీర్మానమును తలక్రిందులు చేసినవాడు గడియారముల పనితనము నభ్యసించినవాడు కాడు. అతడొక వర్తకుడు. పేరు హాన్స్ విల్స్‌డార్ఫ్. నేడు పాత స్విస్ చేతిగడియారములను సేకరించువారు ప్రపంచమంతటను కలరు. వారు చర్చించు విషయములలో ననేకము ఈతని జీవితమునుండి పుట్టినవే.

విల్స్‌డార్ఫ్ 1881వ సంవత్సరము మార్చి 22వ తేదీన జర్మనీ దేశమందలి బవేరియా ప్రాంతమున కుల్మ్‌బాఖ్ అను పట్టణమునందు జన్మించెను. తండ్రిది ఇనుపసామానుల వర్తకము. పండ్రెండేండ్ల ప్రాయమునకే తల్లిదండ్రు లిరువురును గతించిరి. బంధువులు ఆ దుకాణమును విక్రయించి పిల్లలను చదువునకు పంపిరి. కోబుర్గ్ పట్టణమందలి వసతి పాఠశాలలో బాలుడు గణితమునందును పరభాషలయందును ప్రవీణుడయ్యెను. దుకాణము చేజారుట అప్పుడు కష్టముగనే తోచియుండును. కాని చిన్ననాటనే తన కాళ్లపై తాను నిలువవలసి వచ్చుటవలన తనకు మేలే కలిగెనని పెద్దతనమున నతడు తలచెడివాడు.

జెనీవాలో ముత్యములను ఎగుమతి చేయు వర్తకునొద్ద కొంతకాలము పని నేర్చి, 1900వ సంవత్సరమున అతడు లా షో-ద-ఫోఁ అను ఊరు చేరెను. ఆ యూరు స్విట్జర్లాండు దేశమున జూరా కొండల నడుమ నున్నది. ఆ కొండలలో శీతకాలమున మంచు కప్పినపుడు సేద్యము సాగదు. అందుచే అచ్చటి రైతుకుటుంబములు తరతరములుగా ఇండ్లలో కూర్చుండి గడియారముల భాగములు చేయుట కలవాటు పడినవి. ఇందొక కుటుంబము చక్రములు చేయును, వేరొకటి ముండ్లు చేయును, మరియొకటి పెట్టె చేయును. మన చేనేత గ్రామములలో నూలు వడకువారు, అద్దకము వేయువారు, నేయువారు వేరువేరుగ నున్నట్లే యనుకొనవచ్చును. విల్స్‌డార్ఫ్ అచ్చట కూనో కోర్టెన్ అను ఎగుమతి సంస్థలో ఆంగ్లభాషా లేఖకుడుగా కుదిరెను. జీతము నెలకు 80 ఫ్రాంకులు. ఉత్తరములు వ్రాయుటయే గాక, ప్రతిదినము వందలకొలది జేబుగడియారములకు తాళమిచ్చి, అవి సరిగా నడచుచున్నవో లేదో చూచుటయు నతని పనియే. ఇది గుమాస్తా చేయు విసుగు పని వలె తోచును గాని, ఏ గడియారము నమ్మదగినది, ఏది కాదు అనెడి జ్ఞానము అతనికి ఈ పనివలననే అబ్బెనని నా యభిప్రాయము.

1903లో లండను నగరమునకు పోయెను. 1905లో ఆల్ఫ్రెడ్ డేవిస్ అను నాతనితో గూడి విల్స్‌డార్ఫ్ అండ్ డేవిస్ అను సంస్థను స్థాపించెను. స్విట్జర్లాండులోని బీల్ పట్టణమందు ఎగ్లర్ సంస్థ చేయు చిన్న యంత్రములను తెప్పించి, వానిని మంచి పెట్టెలలో నమర్చి దుకాణదారుల కమ్ముట వారి వ్యాపారము. అందరును నగుచుండగా అతడు చేతిగడియారములనే ముఖ్యముగా పట్టుకొనెను. 1908లో తన సరకునకు రోలెక్స్ అను పేరును నమోదు చేయించెను. ఐదక్షరముల చిన్న మాట. ఏ భాషవాడైనను పలుకగలడు. గడియారపు ముఖముపై నిరుకు లేకుండ నిముడును.

పేరు పుట్టెను గాని దానిని ముఖముపై వ్రాయుట యంత సులభము కాలేదు. ఆ దినములలో గడియారముపై అమ్మినవాని పేరే యుండెడిది. చేయించినవాని పేరు లోకమున కక్కరలేదు. దుకాణదారులు ఒప్పుకొనరు. అందుచే విల్స్‌డార్ఫ్ మెల్లగా నొక యుపాయము పన్నెను. ఆరు గడియారములున్న పెట్టెలో ఒక్కదానిపై మాత్రము తన సంస్థ పేరు వేయించి పంపెను. ఎవరును గొడవ చేయలేదు. కొంతకాలమునకు ఆ సంఖ్యను పెంచెను. పత్రికలలో విరివిగా ప్రకటనలు వేయించి, కొనువారే ఆ పేరడుగునట్లు చేసెను. 1927 నాటికి అన్నిటిపైనను ఆ పేరు నిలిచెను. ఇందుకు రమారమి ఇరువది యేండ్లు పట్టినది. ఈ కథ యెరుగని సేకర్త, ముఖముపై పేరులేని తొలినాటి గడియారమును నకిలీ యని త్రోసివేయును. ఎరిగినవాడు వెనుక మూత తెరచి, లోపల పెట్టెపై డబ్ల్యు అండ్ డి అను ముద్రకొరకు వెదకును.

ఇక సత్యపరీక్ష. చిన్న గడియారము సరియైన కాలము చూపునని నోటితో చెప్పిన నెవరు నమ్ముదురు? 1910లో బీల్ పట్టణమందలి పరీక్షా కేంద్రమునుండి ఒక చేతిగడియారమునకు క్రోనోమీటరు యోగ్యతాపత్రమును సంపాదించెను. అది చాలక ఇంగ్లండులోని క్యూ వేధశాలకు మరియొకదానిని పంపెను. అచ్చట దానిని 45 దినములు, ఐదు భంగిమలలో, మూడు విధములైన శీతోష్ణములలో నుంచి పరీక్షించిరి. 1914 జూలై 15వ తేదీన దానికి ఏ తరగతి యోగ్యతాపత్ర మిచ్చిరి. అంతకుముందు ఏ చేతిగడియారమునకును ఆ గౌరవము దక్కలేదు.

కొలదిదినములలోనే మహాయుద్ధము వచ్చెను. కందకములలో తుపాకి పట్టిన సిపాయి జేబులో చేయి పెట్టి గడియారము తీయు నవకాశ మెక్కడిది? దాడి నిమిషము తప్పరాదు. ఆ విధముగా చేతిగడియారము స్త్రీల నగ యను మాట కందకములలోనే సమసిపోయెను. కాని విల్స్‌డార్ఫ్‌నకు కష్టములును వచ్చెను. జర్మను పేరుగల సంస్థను లండను నగరమున నెవరు సహింతురు? 1915లో సంస్థ పేరును రోలెక్స్ వాచ్ కంపెనీ యని మార్చెను. ఆ సంవత్సరమే ఆంగ్లప్రభుత్వము దిగుమతి గడియారములపై మూడవవంతు సుంకము విధించెను. తుదకు యుద్ధము ముగిసిన పిదప వ్యాపారమును జెనీవాకు మార్చెను.

మిగిలిన శత్రువులు నీరును దుమ్మును. 1926లో వచ్చిన ఆయిస్టరు గడియారము వీని నెదుర్కొనెను. ఆయిస్టరనగా ముత్యపు చిప్ప. వెనుక మూతయు, అద్దము పట్టియు మరలతో బిగియును. తాళమిచ్చు బొడిపె కూడ సీసామూత వలె మరతో దిగి బిగిసికొనును. ఈ మరబొడిపె విల్స్‌డార్ఫ్ కనిపెట్టినది కాదు. పెరెగో, పెరె యను ఇరువురు స్విస్ దేశీయులు కనిపెట్టగా వారి హక్కును కొనెను. కనిపెట్టుట యొక విద్య. కనిపెట్టినదాని విలువ గుర్తించుట వేరొక విద్య.

1927 అక్టోబరు 7వ తేదీన మెర్సెడీస్ గ్లైట్జ్ అను ఆంగ్ల యువతి ఇంగ్లీషు ఛానెలును 15 గంటలకు పైగా నీది దాటెను. పిదప వేరొక స్త్రీ అబద్ధపు ఘనత చెప్పుకొనుటవలన ఈమెపైనను సందేహము పుట్టెను. అందుచే అక్టోబరు 21వ తేదీన మరల నీటిలో దిగెను. ఆ పర్యాయము విల్స్‌డార్ఫ్ ఇచ్చిన ఆయిస్టరును మెడకు కట్టుకొనెను. నీరు మిక్కిలి చల్లగ నుండుటచే పది గంటల పిమ్మట ఆమెను పడవలోనికి లాగవలసి వచ్చెను. గడియారము మాత్రము చక్కగా నడచుచునే యుండెను. దాటినపుడే గడియారము ధరించెనని నేటికిని పలువురు వ్రాయుచుందురు; అది సరికాదు. నవంబరు 24వ తేదీన డైలీ మెయిల్ పత్రిక మొదటి పుటనంతయు విల్స్‌డార్ఫ్ ప్రకటనతో నింపెను. దుకాణముల కిటికీలలో చేపల తొట్టెలలో గడియారములు వ్రేలాడదీసిరి.

అయినను చిక్కొకటి మిగిలెను. దినమున కొకసారి తాళమిచ్చుటకు బొడిపె మర విప్పవలెను; మరల బిగించుట మరచిన నీరు చొచ్చును. ఇంగ్లండు దేశస్థుడైన జాన్ హార్‌వుడ్ అప్పటికే తనంతట తాళమందుకొను చేతిగడియారమును చేసియుండెను. 1931లో రోలెక్స్ పనివారు ఆ మార్గమును మెరుగుపరచి, అర్ధచంద్రాకారపు బరువొకటి చుట్టును నిరాటంకముగ తిరుగుచు స్ప్రింగును బిగించునట్లు చేసిరి. చేయి కదలినంతసేపు గడియారము నడచును. బొడిపెను ముట్టవలసిన పని యరుదు. చేతి ఊపు దోషమని వెనుకటివారు చెప్పిరి గదా, ఆ యూపే దానికి ప్రాణమయ్యెను.

రెండవ మహాయుద్ధమునాటి యొక యుదంతమును చెప్పక విడువరాదు. జర్మను శిబిరములలో బందీలైన బ్రిటిషు సైనికుల గడియారములను కావలివారు లాగుకొనుచుండిరి. విల్స్‌డార్ఫ్ ఈ సంగతి విని, కోరినవారికి క్రొత్త గడియారములు పంపి, వెల యుద్ధము ముగిసిన తరువాత చెల్లింపవచ్చునని తెలిపెను. యుద్ధమెవరు గెలుతురో, ఎవరు బ్రతుకుదురో తెలియని కాలమది. స్టలాగ్ లుఫ్ట్ 3 అను శిబిరమునుండి చెప్పులు కుట్టు పనిలోనున్న యొక కార్పొరలు 1943లో ఖరీదైన గడియారమును కోరగా విల్స్‌డార్ఫ్ స్వయముగా జాబు వ్రాసి పంపించెను. మరుసటి సంవత్సరము ఆ శిబిరమునుండియే 76 మంది సొరంగమున బయటపడిరి. పట్టుబడినవారిలో 50 మందిని కాల్చి చంపిరి. కార్పొరలు బ్రతికి, యుద్ధానంతరము సొమ్ము చెల్లించెను. ఇందు వ్యాపారదృష్టి లేదనజాలము. కాని శత్రుశిబిరమందలి ఖైదీ మాటను హామీగా గ్రహించిన వర్తకులు చరిత్రలో నరుదు.

నేడు పాత గడియారముల విలువ వింతగ పెరిగినది. విల్స్‌డార్ఫ్ గతించిన పిదప వచ్చిన డేటోనా యను రకములో, పాల్ న్యూమన్ అను నటుడు ధరించినది 2017లో న్యూయార్కున 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికెను. అది ధనవంతుల పందెము, దానిని విడుతము. మన యిండ్లలో 1961లో బెంగుళూరు హెచ్.ఎం.టి. గడియారములు రాకమునుపు కొన్న ఫావ్ర్ లూబా, వెస్ట్ ఎండ్ వంటి స్విస్ గడియారములు తాతలనాటి పెట్టెలలో నుండవచ్చును. వానిని మెరుగు పెట్టించుట, ముఖమునకు క్రొత్తరంగు వేయించుట సేకర్తల దృష్టిలో గొప్ప నష్టము. పసుపువారిన ముఖమే దాని జన్మపత్రము. మన బజారులలో అట్లు రంగులు పూసి అమ్మునవి విస్తారము గనుక కొనువారు జాగరూకులై యుండవలెను. చీకటిలో వెలుగు పాత ముండ్లపై రేడియముండును. మూత తీసి గోకరాదు.

విల్స్‌డార్ఫ్‌నకు సంతానము లేదు. 1944లో భార్య ఫ్లారెన్స్ మరణించెను. మరుసటి సంవత్సరము తన పేర ధర్మసంస్థ నొకదానిని స్థాపించి, తన సంస్థలోని భాగమును దాని కప్పగించుటకు నిశ్చయించెను. 1960 జూలై 6వ తేదీన జెనీవాలో కన్నుమూసెను. వేలకోట్ల వ్యాపారమునకు నేటికిని ఆ ధర్మసంస్థయే యజమాని. 2012లో జెనీవాలో ఆర్వ్ నదిపై ఆ సంస్థ ద్రవ్యముతో నిర్మించిన వంతెనకు అతని పేరే పెట్టిరి.