గెలీలియో జీవితమున సత్యాసత్యములు

గెలీలియో కథ చెప్పినప్పుడెల్ల బాలురు ఒక ప్రశ్న వేయుచుందురు. భూమి తిరుగుచున్నదని నమ్మియు, ఆ మాట తప్పని మోకరిల్లి ప్రమాణము చేసినవానిని సత్యవాది యనవచ్చునా? హరిశ్చంద్ర నాటకము చూచి పెరిగిన మన గ్రామములలో ఇట్టి ప్రశ్న పుట్టుట సహజమే. తొందరపడి బదులు చెప్పుటకన్న ఆ మహనీయుని జీవితమును కొంత పరిశీలించుట మేలు.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీ దేశమందలి పీసా నగరమున జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. శాస్త్రకారుల మాట గ్రుడ్డిగా నమ్మక, తీగెలకు బరువులు వ్రేలాడదీసి స్వరభేదములను స్వయముగా పరీక్షించినవాడు. ఆ గుణము కుమారునకు సంక్రమించెను. వైద్యవిద్యకై చేరిన గెలీలియో పట్టము పొందకయే విశ్వవిద్యాలయమును విడిచి, గణితమున ప్రవీణుడై, 1589లో పీసాలోను 1592 నుండి పాడువాలోను ఉపాధ్యాయుడుగా నుండెను.

1609లో హాలెండు దేశీయులు దూరదర్శినిని నిర్మించిరన్న వార్త విని, తానే అద్దములు సానబట్టి అంతకు మేలైన యంత్రమును చేసికొనెను. 1610 జనవరి 7వ తేదీ రాత్రి గురుగ్రహము ప్రక్కన మూడు చిన్న చుక్కలు కనబడెను. కొలది దినములలో నాలుగవది కూడ కానవచ్చెను. అవి గురుని చుట్టు తిరుగు చంద్రులని అతడు గ్రహించెను. ఆ సంవత్సరాంతమున శుక్రుడును చంద్రునివలె వృద్ధిక్షయములు పొందుట చూచెను. శుక్రుడు సూర్యుని చుట్టు తిరుగుచున్నాడనుటకు ఇది తిరుగులేని నిదర్శనము. కాని భూమి తిరుగుచున్నదనుటకు ఇది చాలదు. గ్రహములన్నియు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుచున్నారని టైకోబ్రాహి చెప్పిన సిద్ధాంతమునకును ఇది సరిపోవును. గెలీలియోను పొగడువారు ఈ సంగతి సాధారణముగా చెప్పరు.

1616లో రోము మతాధికారులు కోపర్నికస్ సిద్ధాంతమును త్రోసిపుచ్చి, దానిని సమర్థింపరాదని గెలీలియోను హెచ్చరించిరి. తరువాత తనయందు అభిమానము గల బార్బెరీని 1623లో ఎనిమిదవ అర్బను పేర పోపు కాగా, అతనికి ధైర్యము కలిగెను. 1632లో రెండు విశ్వవ్యవస్థలను గూర్చిన సంవాద గ్రంథమును ప్రకటించెను. అందు భూభ్రమణమునకు తన గొప్ప సాక్ష్యముగా సముద్రపు ఆటుపోటులను చూపెను. కదలు పడవలో నీరు ముందువెనుకల కూగినట్లు, భూమి గమనముచే సముద్రము ఊగుచున్నదని అతని వాదము. ఈ లెక్కను దినమునకు ఒక్క పోటే రావలెను. వచ్చునవి సాధారణముగా రెండు. ఈ భేదమును అతడు సముద్రగర్భపు లోతుల మీదికి నెట్టివేసెను. చంద్రుని ప్రభావమే కారణమని కెప్లరు చెప్పగా, అంతటివాడు అట్టి మాట అనుటయేమని ఆశ్చర్యపడెను. అమావాస్యకును పున్నమకును పోటు హెచ్చునని మన సముద్రతీరపు జాలరి ఎరుగును! అతడు చెప్పిన విషయము సత్యము. దానికి పెట్టిన ఆధారము అసత్యము. బొంకు వేరు, పొరపాటు వేరు. ఇది పొరపాటు.

బొంకు తరువాత వచ్చినది. 1633లో విచారణ జరిగినప్పుడు, తన గ్రంథము కోపర్నికస్ మతమును సమర్థించుటకు వ్రాసినది కాదని మొదట వాదించెను. ఆ గ్రంథము చదివినవారెవ్వరు దీనిని నమ్మగలరు? తీర్పరులలో పెక్కురు తాము నమ్మినదే పలికిరి, అయినను వారి మాట తప్పు. గెలీలియో నమ్మనిది పలికెను, అయినను అతని గ్రంథము నిలిచెను. జూన్ 22వ తేదీన మినర్వా మఠమున, అరువదితొమ్మిదేండ్ల వృద్ధుడు మోకాళ్లపై నిలిచి తన సిద్ధాంతమును నిరాకరించెను. లేచుచు భూమి కదలుచునే యున్నదని గొణిగెనన్న కథ ప్రసిద్ధము. అతని శిష్యుడు వివియాని వ్రాసిన చరిత్రలో అది లేదు. వినుటకింపైన ఆ మాటను లోకమే అతని నోట పెట్టినదని తోచుచున్నది.

శేషజీవితము ఫ్లారెన్సు సమీపమున ఆర్చెట్రిలో గృహనిర్బంధమున గడచెను. శిక్షగా విధించిన ప్రార్థనలను అతనికి మారుగా చదువుటకు పూనుకొన్న కుమార్తె, సన్యాసిని మరియా చెలెస్తె, 1634లో మరణించెను. కంటిచూపును క్షీణించుచుండెను. అట్టి స్థితిలోనే చలనశాస్త్ర గ్రంథమును పూర్తిచేసి రహస్యముగా హాలెండునకు పంపగా, 1638లో లైడెనునందు అచ్చయ్యెను. తన వ్రాతప్రతి అచ్చువారి చేతికి ఎట్లు చేరినదో తనకు తెలియనట్లు అంకితపత్రికలో నటించెను. ఆ చిన్న బొంకు చాటుననే ఆ గొప్ప గ్రంథము వెలువడినది.

1642 జనవరి 8వ తేదీన అతడు కన్నుమూసెను. శిక్షితుడగుటచే ఘనమైన సమాధి కట్టనీయలేదు. 1737లో అతని అస్థులను ఫ్లారెన్సులోని సాంతాక్రోచె దేవాలయములో నిర్మించిన స్మారకమునకు చేర్చిరి.